కష్టములోనున్న కుటుంబములకు ఊతము
(పట్టాదారులగు రైతుల సభలయందు చదువుటకై సిద్ధపరుపబడిన ఉపన్యాసము)

వ్యవసాయశాఖ కరపత్రములందు సాధారణముగా విత్తనములు, ఎరువులు, తెగుళ్లు, పశువుల మేపు మొదలగువానిని గూర్చి చెప్పబడును. ఈ ఉపన్యాసమునకు విషయము పంట కాదు. పంట పోయిన ఇల్లు. ఏ గ్రామమునందైనను, ఏ సంవత్సరమునందైనను కొన్ని కుటుంబములు క్రుంగుచుండును. వాన తప్పుట, బోరు ఎండుట, కాడెద్దు చచ్చుట, ఇంటి పెద్ద మంచము పట్టుట, పెండ్లికై తెచ్చిన అప్పు వడ్డీతో పెరిగిపోవుట, వీనిలో ఒక్క కారణము చాలును. రెండు కలిసి వచ్చినయెడల చెప్పనక్కరలేదు. అట్టి కుటుంబములను నిలువబెట్టుటకు సర్కారు ఏమి చేసినది, గ్రామము ఏమి చేయగలదు, ఈ రెంటియందును పట్టాదారుడగు రైతు వంతు ఎంత, అను మూడు సంగతులు ఇందు వివరింపబడును.

పరుల ఇంటి కష్టమునకు పట్టాదారుని పిలిచి చెప్పుట యేల యని కొందరు అడుగవచ్చును. ప్రశ్న న్యాయమైనదే, సమాధానమును స్పష్టముగనే కలదు. సర్కారు సహాయము కాగితము వెంట నడచును. పట్టా, పహాణి, కౌలుపత్రము, అప్పు చీటి, వయస్సునకు రుజువు, పంచనామా, వీనిలో ఒక్కటి లోపించినను ఖజానాయందలి సొమ్ము ఖజానాయందే యుండును. ఆ కాగితములలో సగము కష్టములోనున్న కుటుంబము చేతిలో ఉండవు. అవి ఇరుగుపొరుగు రైతుల సంతకములోను, వారి సాక్ష్యములోను ఉండును. కావున సర్కారు తలుపు తెరువదలచినను, దాని గడియ అనేక పర్యాయములు గ్రామములోని రైతు చేతియందే యున్నదని గ్రహింపవలయును.

పూర్వపు సహాయములు, వాని లోపము

1875వ సంవత్సరమున పూనా, అహమదునగరు జిల్లాల రైతులు లేచి సాహుకార్ల ఇండ్లపై బడిరి. వారు ముఖ్యముగా వెదకినవి అప్పు పత్రములు. వానిని చేజిక్కించుకొని తగులబెట్టిరి. మరుసటి సంవత్సరము మొదలుకొని 1878 వరకు దక్కను దేశమున ఘోరమైన క్షామము సంభవించెను. ధాత సంవత్సరపు కరువని పెద్దలు చెప్పుకొన్నది ఇదియే. ఈ రెండు సంఘటనల తరువాత ఆంగ్ల ప్రభుత్వమువారు 1879లో దక్కను వ్యవసాయదారుల ఋణవిముక్తికై యొక శాసనమును, 1883లో బావులు, గట్లు మొదలగు భూమి అభివృద్ధి పనులకు అప్పులిచ్చు శాసనమును, 1884లో విత్తనములకు, ఎద్దులకు అప్పులిచ్చు శాసనమును చేసిరి. రైతులు తకావీ యని పిలుచునవి ఈ అప్పులే. 1904లో బ్రిటిషు ఇండియాయందును, 1914లో హైదరాబాదు సంస్థానమునందును సహకార పరపతి సంఘములకు శాసనము కలిగెను. 1930 తరువాతి దశాబ్దమునందు సంస్థానపు సర్కారువారు రైతు భూమి సాహుకారు పాలుగాకుండ కాపాడుటకును, అప్పులను రాజీ చేయుటకును వేరువేరు శాసనములు తెచ్చిరి.

ఈ యేర్పాట్లు మంచివే. అయినను ఫలమెంత? 1951-52 సంవత్సరమునకు సంబంధించి దేశమంతట గ్రామ పరపతిని గూర్చి గొప్ప విచారణ జరిగి, 1954లో నివేదిక ప్రకటింపబడెను. రైతులు తెచ్చుకొన్న ప్రతి నూరు రూపాయల అప్పులో సర్కారు ఇచ్చినది సుమారు 3 రూపాయల 30 పైసలు, సహకార సంఘములిచ్చినది 3 రూపాయల 10 పైసలు, వాణిజ్య బ్యాంకులిచ్చినది రూపాయికి లోపు. వడ్డీ వ్యాపారులును, వడ్డీకిచ్చు రైతులును కలిసి ఇచ్చినది దాదాపు 70 రూపాయలు. ఇన్ని శాసనములు చేసిన పిమ్మటను ఇట్లుండుటకు హేతువేమి? సర్కారు అప్పునకును, సంఘపు అప్పునకును భూమి హామీగా అడుగబడెను. పట్టా గలవానికి అప్పు పుట్టెను. పట్టా లేక దున్నువాడు సాహుకారు గడపయే త్రొక్కెను. తిండిగింజలు చాలని నెలలలో నాగుకు ధాన్యము తెచ్చుకొనెను. సహాయము వచ్చెను గాని మిక్కిలి యవసరము గలవాని గుమ్మము దాటిపోయెను. ఈ లోపమే నేటికిని పూర్తిగా తొలగలేదు.

కౌలుదారు, అతని కాగితము

హైదరాబాదు సంస్థానమున 1945లో అసామీ షిక్మీల శాసనమును, 1950లో కౌలుదారీ శాసనమును వచ్చెను. రెండవదాని వలన అనేకులు రక్షిత కౌలుదార్లయిరి. 1954-55లో తయారైన ఖాస్రా పహాణీలో ఎవరి సాగు ఏ సర్వే నంబరులో నున్నదో వ్రాయబడెను. భూమిని కోల్పోయిన పట్టాదారుల కుటుంబములలో ఆ నాటి జ్ఞాపకము నిలిచియున్నది. "కాగితముపై కౌలుదారు పేరు వ్రాసినయెడల భూమి పోవును" అను భయము తండ్రి నుండి కొడుకునకు వచ్చినది. ఈ భయమును నవ్వి త్రోసివేయరాదు. దానికి మూలము కలదు. కాని నేడు ఏ కాగితము అడుగబడుచున్నదో చదివి చూడక పాత భయముతోనే సంతకము నిరాకరించుట యుక్తము కాదు.

2011వ సంవత్సరమున నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభవారు భూమి అధీకృత సాగుదార్ల శాసనము చేసిరి. దాని ప్రకారము కౌలుదారునకు రుణ అర్హత కార్డు ఇయ్యబడును. ఆ కార్డునకు గడువు ఒక్క సంవత్సరమే. బ్యాంకునుండి పంట అప్పు, పంట నష్టమునకు పరిహారము, బీమా, విత్తన సహాయము మొదలగువానిని పొందుటకు మాత్రమే అది పనికివచ్చును. భూమిపై ఎట్టి హక్కును దానివలన కలుగదని శాసనముననే వ్రాయబడినది. రాష్ట్ర విభజన తరువాత ఆంధ్రప్రదేశమున 2019లో చేసిన సాగుదారు హక్కుల శాసనమునందును ఒప్పందపు కాలము 11 నెలలు మాత్రమే. పంటపై హక్కు సాగుదారునిది, భూమిపై హక్కు యజమానిది అని రెంటిని వేరుచేయుటయే ఈ శాసనముల యుద్దేశము.

ఇచ్చట మరియొక చిక్కు కలదు. దానిని దాచుట మేలు కాదు. పట్టాదారుడు తన పట్టాపై తక్కువ వడ్డీకి పంట అప్పు తెచ్చుకొని, భూమిని మాత్రము కౌలునకిచ్చుట అనేక గ్రామములలో వాడుకయై యున్నది. ఒకే భూమిపై ఒకే పంటకు బ్యాంకు రెండు అప్పులీయదు. కావున కౌలుదారు చేత కార్డు ఉన్నను బ్యాంకువారు అతనిని త్రిప్పిపంపుదురు. అతడు నూటికి నెలకు రెండో మూడో రూపాయల వడ్డీకి ఎరువుల దుకాణమునందే అప్పు తెచ్చును. పంటను ఆ దుకాణమునకే తూచును. పట్టాదారునకు ఇందు నేరము లేదనవచ్చును. అయినను ఆ పంట అప్పు పంట వేయువానికై యుద్దేశింపబడినదని యోచింపవలయును. తన అప్పును కట్టివేసి కౌలుదారునకు దారి విడుచుట యొక పద్ధతి. అది సాధ్యము కానప్పుడు, తెచ్చిన అప్పులో కౌలు భూమికి తగిన వంతును బ్యాంకు వడ్డీకే కౌలుదారునకిచ్చి చీటి వ్రాసికొనుట మరియొక పద్ధతి. రెంటిలో దేనివలనను పట్టాదారునకు నష్టము లేదు.

2018 మే నెలలో తెలంగాణ సర్కారువారు రైతుబంధు అను పెట్టుబడి సహాయమును ప్రారంభించిరి. మొదట పంటకాలమునకు ఎకరమునకు 4,000 రూపాయలు, 2019లో 5,000 రూపాయలు ఇయ్యబడెను. 2025 జనవరిలో దాని స్థానమున వచ్చిన రైతుభరోసాలో ఆ మొత్తము 6,000 రూపాయలుగా నిర్ణయింపబడెను. రైతుబంధు సొమ్ము పట్టాదారునకే చేరెను, కౌలుదారునకు చేరలేదు. పెట్టుబడి సహాయము అందిన సంవత్సరములలో కౌలును కొంత తగ్గించుట సర్కారు ఆజ్ఞ కాదు, ధర్మము. ఆ సొమ్ము ఎవని పెట్టుబడికై వచ్చినదో పేరు చూచినను తెలియును.

ఇంటి పెద్ద పోయినప్పుడు

1997-98లో వరంగల్లు జిల్లాయందు ప్రత్తి పైరును లద్దెపురుగు తినివేసెను. ఎన్ని మందులు చల్లినను లొంగలేదు. మందుల అప్పు, కౌలు అప్పు, బావి అప్పు ఒక్కసారి మీదబడి అనేక రైతులు ప్రాణములు తీసికొనిరి. ఆ మీదటి సంవత్సరములలో ఈ దుఃఖము ఇతర జిల్లాలకును వ్యాపించెను. 2004 జూన్ 1వ తేదీన నాటి ప్రభుత్వమువారు 421వ నంబరు ఉత్తరువు వలన అట్టి కుటుంబమునకు 1 లక్ష రూపాయలు, అప్పుల పరిష్కారమునకై 50,000 రూపాయలు ఏర్పరచిరి. 2015లో తెలంగాణ ప్రభుత్వమువారు దీనిని 5 లక్షలుగాను, అప్పుల పరిష్కారమునకు 1 లక్షగాను హెచ్చించిరి. ఆంధ్రప్రదేశమున 2015లో 5 లక్షలు, 2019లో 7 లక్షలు చేయబడెను.

ఈ సొమ్ము ఉత్తరువు వెలువడినంత మాత్రమున ఇల్లు చేరదు. మండలమునందు తహశీల్దారు, పోలీసువారు, వ్యవసాయాధికారి విచారించి వ్రాయుదురు. దానిని డివిజను అధికారులు పరిశీలించి నిశ్చయింతురు. విచారణలో అడుగునది మూడు ప్రశ్నలు: మృతుడు సాగు చేసెనా? సాగునకై అప్పు తెచ్చెనా? పంట నష్టపడెనా? స్వంత పట్టా గలవానికి మొదటి ప్రశ్నకు జవాబు సులభము. కౌలుదారు భార్యకు అదియే కష్టము.

ఒక కుటుంబమును ఉదాహరణముగా తలపవచ్చును. ఎకరము చెలక స్వంతము, నాలుగెకరములు నోటిమాటపై కౌలు. ప్రత్తి పోయినది, భర్త పోయినాడు. భార్య ఇద్దరు పిల్లలతో కచ్చేరి మెట్లెక్కినది. "నాలుగెకరముల కౌలునకు రుజువేది?" అని గుమాస్తా అడుగును. ఆమె పట్టాదారు నొద్దకు వచ్చును. అతడు "ఎందుకు వచ్చిన చిక్కు" అని తప్పించుకొనును. "అప్పునకు రుజువేది?" అని మరల అడుగుదురు. అప్పిచ్చినవాడు వడ్డీ వ్యాపారపు లైసెన్సు లేదను భయముతో చీటిని బయట పెట్టడు. కాని వసూలునకు మాత్రము ఆమె గుమ్మములో కూర్చుండును. ఫలితార్థము: ఎకరము భూమికి అంత అప్పు కాజాలదని దరఖాస్తు కొట్టివేయబడును. ఇందు సర్కారు చేసిన లోపము కొంత యుండవచ్చును. ఊరు చేసిన లోపమే యెక్కువ. ఇద్దరు రైతులు నిజమును నిజమని వ్రాసి సంతకము చేసియున్నయెడల ఆ పిల్లలు బడి మానవలసిన పని యుండదు.

ఆ వ్రాతలో ఉన్నదున్నట్లే యుండవలయును. లేని కౌలును కల్పించి వ్రాయుట అపరాధము. దానివలన తరువాత వచ్చు నిజమైన దరఖాస్తులకును అపకారము కలుగును.

2018 ఆగష్టులో తెలంగాణయందు రైతుబీమా ప్రారంభమయ్యెను. మరణ కారణమేదైనను 5 లక్షల రూపాయలు నామినీకి చెల్లును. ప్రీమియమును సర్కారే జీవిత బీమా సంస్థకు కట్టును. వయస్సు 18 మొదలు 59 వరకు ఉండవలెను. పేరున పట్టా యుండవలెను. పట్టాదారులు తమ ఇండ్లలోనే విచారించుకొనవలసిన సంగతి ఇందు కలదు. డెబ్బది యేండ్ల తండ్రి పేరున భూమియంతయు ఉన్నది. నలువదియేండ్ల కొడుకు దున్నుచున్నాడు. తండ్రికి వయస్సు మించినది గనుక బీమా లేదు. కొడుకునకు పట్టా లేదు గనుక అతనికిని లేదు. కొడుకునకు ఆపద సంభవించినయెడల పదెకరముల యింటికి పైసయైనను రాదు. తండ్రి బ్రదికియుండగనే కొంత భూమి కొడుకు పేర మార్చుట, తాత పేరనున్న భూమికి విరాసత్ చేయించుకొనుట, నామినీ పేరు సరిగా వ్రాయించుట, ఆధారు కార్డులో పుట్టిన తేదీ తప్పున్నచో ముందే దిద్దించుట, ఇవన్నియు ఇల్లు చల్లగా నున్నప్పుడే చేయవలసిన పనులు. ఇల్లు కాలునప్పుడు బావి త్రవ్వుట తెలివి కాదు.

గ్రామము తాను చేయగలది

సర్కారుపైననే భారము వేయుట తగదు. గ్రామము తన బలముతో చేసిన పనికి జహీరాబాదు ప్రాంతము నిదర్శనము. అచ్చట 1983 నుండి దక్కను డెవలప్‌మెంటు సొసైటీ సహాయముతో దళిత స్త్రీలు గ్రామ గ్రామమున సంఘములుగా ఏర్పడిరి. 1990 తరువాతి దశాబ్దపు నడుమ, కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ సొమ్ముతో, వారు ఒక ధాన్యనిధిని నెలకొల్పిరి. దాని పద్ధతి ఇది. బీడుగానున్న చిన్న రైతుల భూములను దున్ని, ఎరువు వేసి, జొన్న వేయుటకు అప్పు ఇయ్యబడెను. రైతు ఆ అప్పును రూపాయలతో గాక జొన్నలతో కొన్ని సంవత్సరములలో తీర్చెను. ఆ జొన్నలు ఊరిలోనే పాతరలో నిలువచేయబడి, పని దొరకని నెలలలో పేద ఇండ్లకు తక్కువ ధరకు కొలువబడెను. ఎవరు పేదలో కచ్చేరివారు నిర్ణయింపలేదు. ఊరివారే నలుగురి యెదుట నేలపై ఊరి పటము గీసి, ఏ యింటికి ఎంత లేమియో తామే శ్రేణులు వేసిరి. అందరి కన్నుల యెదుట జరిగిన లెక్క గనుక వాదము తక్కువ. ఈ సొసైటీకి 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి విభాగము వారి ఈక్వేటరు బహుమతి లభించెను.

స్త్రీల పొదుపు సంఘములు మరియొక సాధనము. 1992లో నాబార్డువారు సంఘములకు బ్యాంకు అప్పులిప్పించు పద్ధతిని ఆరంభించిరి. 2000 సంవత్సరమున వెలుగు పథకముతో ఉమ్మడి రాష్ట్రమునందు అది ఊరూర వ్యాపించెను. నెలనెల కొలది రూపాయలు కూడబెట్టిన పదిమంది స్త్రీలకు, హామీగా భూమి నడుగకయే బ్యాంకు అప్పిచ్చెను. పూర్వము తకావీ దాటిపోయిన గుమ్మమునకు ఇది చేరెను. కాని ఈ మేలును చూచి లాభాపేక్షతో వచ్చిన సూక్ష్మ ఋణ కంపెనీలు వారవారము వసూళ్లతో స్త్రీలను బాధింపగా, కొందరు ప్రాణములు విడిచిరి. 2010 అక్టోబరులో ప్రభుత్వమువారు అత్యవసర శాసనము చేసి, కంపెనీలు రిజిష్టరు చేసికొనవలెననియు, వసూలు నెలకొక్కసారియే యుండవలెననియు, బలవంతము కూడదనియు కట్టుదిట్టము చేసిరి. సంఘములోని అప్పు పొదుపునుండి పుట్టినప్పుడు ఊతమగును. లాభమునకై పుట్టినప్పుడు ఉరి యగును. గ్రామమువారు ఈ భేదమును మరువరాదు.

పట్టాదారు చేయవలసిన పనులు

1. ఏరువాకకు ముందు: నోటిమాట కౌలును మాని, భూమి, కాలము, కౌలు మొత్తము వ్రాసిన చీటి రెండు ప్రతులు చేసి, ఒక ప్రతి కౌలుదారునకీయవలెను. కార్డు దరఖాస్తు గ్రామసభకు వచ్చినప్పుడు అడ్డు చెప్పక నిజము చెప్పవలెను.

2. పంట నష్టమైనప్పుడు: నష్టము లెక్కించు అధికారులకు సాగుచేసినవాని పేరే చెప్పవలెను. పరిహారము పట్టాదారు ఖాతాలో పడినయెడల దానిని నష్టపడినవానికి అప్పగింపవలెను. ఆ సంవత్సరపు కౌలును తగ్గించుటయో, మరుసటి పంటకు వాయిదా వేయుటయో చేయవలెను.

3. కోతల కాలమున: కళ్లమునందు ప్రతి రైతును శక్తికొలది కొలిచి యొక చోట నిలువచేసినయెడల, ఆషాఢ శ్రావణములలో నాగు లేక కొలిచిచ్చుటకు ధాన్యముండును. లెక్క గ్రామసభ యెదుట చదువబడవలెను.

4. ఇంట మరణము సంభవించినప్పుడు: పంచనామా సరిగా వ్రాయబడునట్లు ఒక పెద్దమనిషి కుటుంబముతో కూడ నిలువవలెను. కౌలును గూర్చియు, అప్పును గూర్చియు సాక్ష్యము జాగు చేయక ఈయవలెను. దినములు జరుగువరకు వసూలునకు ఎవరును ఆ గుమ్మము త్రొక్కకుండ చూడవలెను.

5. మరణమునకు ముందే: మిత్రుడొకడు సభకు రాక, అంగడికి రాక, ఎద్దులమ్మి, మాటలాడుట మానినయెడల, అది అతని గుణమని విడువరాదు. పోయి పలుకరింపవలెను, అప్పుల జాబితా వ్రాయించి, ఏది ముందు, ఏది వెనుక తీర్చవచ్చునో కూర్చుండి యోచింపవలెను. మనోవ్యథకు సలహా చెప్పుటకై కేంద్ర ప్రభుత్వమువారు 2022లో టెలి మానస్ అను ఉచిత టెలిఫోను సహాయమును, 14416 నంబరున నెలకొల్పిరి. ఆ నంబరును పంచాయతీ గోడపై వ్రాయించుటకు ఖర్చు మిక్కిలి స్వల్పము.

రైతు మహాశయులారా! ఈ అయిదు పనులలో భూమిని ఇచ్చివేయుమని ఏదియు చెప్పదు. సంతకము, సాక్ష్యము, కొన్ని మానికల గింజలు, ఒక సాయంత్రపు పలుకరింపు, ఇంతియే. 1875లో పూనా రైతులు తమను బంధించిన కాగితములను కాల్చిరి. కష్టములోనున్న కుటుంబమును నిలువబెట్టు కాగితము నేడు వ్రాయబడవలసియున్నది. మేఘము పట్టాదారు చేను, కౌలుదారు చేను అని వేరుచేసి కురియదు, వేరుచేసి తప్పదు. నేడు సాక్ష్యమిచ్చినవాని ఇంటికి రేపు సాక్షి కావలసిరావచ్చును. తమ గ్రామమున ఈ సంవత్సరము క్రుంగుచున్న ఇల్లు ఏదో ప్రతి పట్టాదారునకును తెలియును. ఈ సభనుండి తిరిగిపోవునప్పుడు ఆ యింటి మీదుగా పోవుట ఈ ఉపన్యాసమునకు తగిన ఫలము.